హార్డ్ డిస్కులో కనబడని గట్లు

మార్కాపురం అనగానే మీకు ఏది గుర్తుకు వస్తుంది? కొందరికి చెన్నకేశవస్వామి గుడి గుర్తుకు రావచ్చు. కాని బడికి వెళ్ళినవాళ్ళకు ముందుగా గుర్తుకు రావలసింది పలక. ఆ ఊరి చుట్టుపక్కల గనుల్లో దొరికే నల్లని రాతిని పలుచగా చీల్చి, నునుపు చేసి, చట్రం బిగించి పంపితే ఎన్నో ఊళ్ళ పిల్లలు దాని మీద అక్షరాలు దిద్దారు.

పలక మధ్యగా ఒక గీత గీసి, ఎడమ పక్క ఎక్కాలు, కుడి పక్క తెలుగు మాటలు రాసే అలవాటు మీ తాతగారికో అమ్మమ్మగారికో ఉండే ఉంటుంది. అడిగి చూడండి. లెక్కలు తుడిచేటప్పుడు తడిగుడ్డ ఆ గీత దాటకుండా చూసుకునేవారు. దాటితే రెండో పక్క రాసినది కూడా పోతుంది. ఆ గీతకు ఎత్తు లేదు, మందం లేదు. అది తడిగుడ్డను ఆపలేదు. గీతను చూసి చెయ్యి ఆగితేనే ఆగినట్టు. అంతేకాదు, గీత గీసినంత మాత్రాన పలక రెండు ముక్కలు కాదు. ఈ రెండు సంగతులూ మనసులో పెట్టుకోండి. కంప్యూటరు దగ్గర వీటితోనే పని పడుతుంది.

ఇప్పుడు గిద్దలూరులో ఒక ఇల్లు ఊహించుకోండి. ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళ నాటి కంప్యూటరు ఉంది. అందులో నాన్నగారి దుకాణం లెక్కలున్నాయి, అక్క పెళ్ళి ఫొటోలున్నాయి, మీ సైన్సు ప్రాజెక్టు ఉంది. అది విండోస్ 10తో నడుస్తోంది. ఆ విండోస్‌కు సాధారణ మద్దతును మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో ముగించింది. విండోస్ 11 వేద్దామంటే దానికి టి.పి.ఎమ్. 2.0 అనే భద్రతా భాగం కావాలి, కొంచెం కొత్త ప్రాసెసర్ కావాలి. చాలా పాత యంత్రాలు ఆ పరీక్షలో తప్పుతాయి. యంత్రం మాత్రం నిక్షేపంలా పనిచేస్తోంది. దాన్ని పాత సామాను కింద అమ్మివేయడం ఎందుకు? లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవచ్చు. తెలుగులోనే మెనూలు చూపించే లినక్స్‌లు కూడా ఉన్నాయి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా అలాంటి దాన్ని తయారుచేసింది.

సరే, పెన్‌డ్రైవ్ తెచ్చారు, కంప్యూటరుకు పెట్టారు, మీట నొక్కారు. రెండు మూడు తెరలు దాటాక ఒక ప్రశ్న వస్తుంది. మాటలు ఒక్కొక్క లినక్స్‌లో ఒక్కొక్క రకంగా ఉన్నా భావం ఇదే: డిస్కు మొత్తం తుడిచివేయమంటారా? ఉన్న విండోస్ పక్కన చోటు చేసుకోమంటారా? లేక భాగాలు మీరే చెబుతారా?

మొదటిదాని మీద తొందరపడి వేలు పడిందా, అక్క పెళ్ళి ఫొటోలకు ముప్పు వచ్చినట్టే. ఈ ప్రశ్నకు బెదరకుండా జవాబు చెప్పాలంటే లోపల ఏముందో తెలియాలి.

సెక్టార్ల వరుస

పాడైపోయిన హార్డ్ డిస్కు ఎక్కడైనా దొరికితే మూత విప్పి చూడండి. (బాగున్నదాన్ని విప్పకండి సుమా! ఒక్క దుమ్ము రేణువు చాలు, అది మళ్ళీ పనికిరాదు.) లోపల అద్దంలా మెరిసే గుండ్రని బిళ్ళలు ఉంటాయి. అల్యూమినియంతోగాని గాజుతోగాని చేసి, పైన పలుచని అయస్కాంత పూత పూస్తారు. బల్ల మీద పెట్టే కంప్యూటర్లలో ఈ బిళ్ళలు సాధారణంగా నిమిషానికి 7200 సార్లు, అంటే సెకనుకు 120 సార్లు తిరుగుతాయి. చదివే తల వాటిని తాకదు. వెంట్రుక మందంలో సుమారు పదివేలవ వంతు ఎత్తులో తేలుతూ ఉంటుంది.

ఈ జాతికి మూలపురుషుడు 1956లో ఐ.బి.ఎమ్. సంస్థ తెచ్చిన రామాక్. అందులో రెండడుగుల అడ్డకొలత గల బిళ్ళలు 50 ఉండేవి. అన్నింటి మీదా కలిపి 50 లక్షల అక్షరాలు పట్టేవి. ఈనాటి మామూలు 500 గిగాబైట్ల డిస్కు దానికి సుమారు లక్ష రెట్లు.

బిళ్ళ మీద వలయాలు, ఒక్కొక్క వలయంలో చిన్న చిన్న గడులు ఉంటాయి. ఆ గడిని సెక్టార్ అంటారు. ఒక సెక్టారులో 512 బైట్లు పడతాయి. కొత్త డిస్కుల్లో లోపలి గడి 4096 బైట్లది అయినా, చాలావరకు బయటికి 512గానే చూపుతాయి. సెక్టార్లన్నింటికీ 0 నుండి వరుస సంఖ్యలు ఉంటాయి. కంప్యూటరుకు బిళ్ళలతో, వలయాలతో నిమిత్తం లేదు. దానికి హార్డ్ డిస్కు అంటే ఒక పొడవాటి గడుల వరుస, అంతే. ఎస్.ఎస్.డి. అని పిలిచే కొత్త రకం డిస్కుల్లో తిరిగే బిళ్ళలే లేవు. అవి కూడా బయటికి ఇలాంటి వరుసనే చూపిస్తాయి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. 500 గిగాబైట్ల డిస్కులో సాధారణంగా 97,67,73,168 సెక్టార్లు ఉంటాయి. దాన్ని 512తో గుణిస్తే 50,000 కోట్ల బైట్లకు కాస్త పైగా వస్తుంది. కంపెనీవారు 100 కోట్ల బైట్లను ఒక గిగాబైటు అంటారు కాబట్టి పెట్టె మీద 500 అని వేస్తారు. విండోస్ మాత్రం 1024ను మూడుసార్లు గుణించి, అంటే 1,07,37,41,824 బైట్లను ఒక గిగాబైటుగా లెక్కిస్తుంది. భాగించి చూడండి: 465.76 వస్తుంది. తెర మీద 465 కనబడగానే దుకాణదారు మోసం చేశాడని అతని మీదికి వెళ్ళనక్కరలేదు.

గీత మారితే నేల కదలదు

ఇంత పొడవైన వరుసలో ఫలానా సెక్టారు నుండి ఫలానా సెక్టారు వరకు ఒక భాగం, అక్కడి నుండి ఇక్కడి వరకు మరొక భాగం అని నిర్ణయించడమే పార్టిషన్ చేయడం. ఒక్కొక్క భాగాన్ని పార్టిషన్ అంటారు. మరి ఆ హద్దు ఎక్కడ ఉంటుంది? బిళ్ళ మీద గాడి పెడతారా? అడ్డంగా ఏదైనా గోడ కడతారా? అలాంటిదేమీ లేదు. డిస్కు మొదట్లో ఒక చిన్న పట్టిక ఉంటుంది. హద్దులు అందులో రాసి ఉంటాయి. అంతకు మించి ఎక్కడా ఏ గుర్తూ లేదు.

ఇది నమ్మడానికి కష్టంగా ఉంటే మీ ఊరి చరిత్రే చూడండి. 1970కి ముందు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970 ఫిబ్రవరి 2న కర్నూలు, గుంటూరు, నెల్లూరు జిల్లాల నుండి కొన్ని ప్రాంతాలు తీసి ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పరిచారు. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. ఆ ఫిబ్రవరి 2న నల్లమల కొండలు ఒక్క అంగుళమైనా కదిలాయా? గుండ్లకమ్మ దారి మార్చుకుందా? కంభం చెరువులో నీళ్ళు ఇటు నుంచి అటు పోయాయా? లేదు. మారింది కాగితాల మీది గీత. కాని ఆ గీత మారడంతో అర్జీ ఏ కలెక్టరు గారికి పెట్టుకోవాలో మారింది, దస్తావేజు మీద రాసే జిల్లా పేరు మారింది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలను మళ్ళీ విభజించినప్పుడూ జరిగింది అదే.

డిస్కులో కూడా సరిగ్గా ఇదే వ్యవహారం. హద్దు గీయడానికి సెకను కూడా పట్టదు, ఎందుకంటే పట్టికలో కొన్ని బైట్లు రాస్తే సరిపోతుంది. ఫొటోలు, పాటలు, లెక్కలు ఎక్కడివక్కడే ఉంటాయి. కాని హద్దును తప్పుగా రాస్తే ఆ ఫొటోలకు దారి తెలియదు. పొలం అక్కడే ఉంది, అడంగల్‌లో పేరు లేదు! అప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ ఆ చోటును బంజరు అనుకుని అక్కడ కొత్త పంట వేస్తుంది. అసలు నష్టం జరిగేది ఆ రెండో అడుగులో.

పార్టిషన్‌ను పొరపాటున చెరిపివేసినవాళ్ళు మొట్టమొదట చేయవలసిన పని ఏమిటో దీన్నిబట్టే మీకు తెలిసిపోయి ఉంటుంది. ఏమీ చేయకూడదు! ఆ డిస్కు మీద కొత్తగా ఒక్క అక్షరం కూడా రాయకుండా యంత్రాన్ని ఆపివేయాలి. తరువాత టెస్ట్‌డిస్క్ వంటి ఉచిత సాధనంతో వెతికితే, పాత భాగాల మొదటి సెక్టార్లలో ఉండే ఆనవాళ్ళను పట్టుకుని అది పట్టికను తిరిగి రాయగలదు. ఇది తిరిగే డిస్కుల మాట. ఎస్.ఎస్.డి.లలో ఖాళీ అయిన గడులను డిస్కే తనంతట తాను శుభ్రం చేసుకునే ఏర్పాటు ఉంటుంది కాబట్టి అంత ఆశ పెట్టుకోరాదు.

అరవై నాలుగు బైట్ల దస్తరం

ఆ పట్టిక ఎలా ఉంటుందో చూద్దాం. ఇందులో రెండు పద్ధతులున్నాయి. పాతది 1983లో వచ్చింది. ఆ సంవత్సరం ఐ.బి.ఎమ్. తెచ్చిన పి.సి. ఎక్స్.టి. అనే కంప్యూటరులో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కు ఉండేది. డిస్కు మొదటి సెక్టారునే, అంటే సంఖ్య 0 గల గడినే, దస్తరంగా వాడుకున్నారు. దాన్ని మాస్టర్ బూట్ రికార్డ్ అంటారు. దాని 512 బైట్లలో మొదటి 446 కంప్యూటరు లేచేటప్పుడు నడిచే చిన్న ప్రోగ్రాముకు. చివరి 2 బైట్లు ముద్ర వంటివి. మిగిలినవి ఎన్ని? 64. అవే పట్టిక.

ఒక్కొక్క భాగం వివరాలకు 16 బైట్లు కావాలి. ఇక్కడి నుండి లేవాలా వద్దా అని చెప్పడానికి ఒక బైటు, ఆ భాగం ఏ రకందో చెప్పడానికి ఒకటి, మొదలు చివరలను పాత పద్ధతిలో చెప్పడానికి మూడేసి చొప్పున ఆరు, మొదటి సెక్టారు సంఖ్యకు నాలుగు, మొత్తం సెక్టార్ల లెక్కకు నాలుగు. కూడి చూడండి, సరిపోతుంది. ఇప్పుడు 64ను 16తో భాగిస్తే ఎంత? పాత డిస్కుల్లో నాలుగు ముఖ్య భాగాలకు మించి చేయడం ఎందుకు కుదరదో మీకు మీరే కనుక్కున్నారు. నాలుగు చాలనివాళ్ళు వాటిలో ఒకదాన్ని పెట్టెలా తీసుకుని దాని లోపల చిన్న భాగాలు చేసుకునేవారు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. సెక్టారు సంఖ్య రాయడానికి నాలుగు బైట్లు, అంటే 32 బిట్లు మాత్రమే ఉన్నాయి. 32 బిట్లతో లెక్కించగలిగేది 429,49,67,296 వరకే. దాన్ని 512తో గుణిస్తే సుమారు 2.2 లక్షల కోట్ల బైట్లు. అంతకన్నా పెద్ద డిస్కు కొని తెచ్చినా ఈ పట్టిక చివరి భాగాన్ని చూడలేదు. 10 మెగాబైట్ల కాలంలో ఆ ఎల్లకు ఎవరైనా చేరతారని అనుకోవడం కష్టమే!

అందుకని రెండో పద్ధతి వచ్చింది. దాన్ని జి.పి.టి. అంటారు. ఇందులో సెక్టారు సంఖ్యకు 64 బిట్లు ఇచ్చారు. ఒక్కొక్క భాగానికి 128 బైట్లు, మామూలుగా 128 భాగాలకు చోటు. నాకు ఇందులో నచ్చినది మాత్రం వేరే. పట్టిక ప్రతి ఒకటి డిస్కు మొదట్లో ఉంటే మరొకటి డిస్కు చిట్టచివర ఉంటుంది. కరణం గారి దగ్గర ఒక ప్రతి, తాలూకా కచేరీలో ఒక ప్రతి ఉన్నట్టు. పైగా పట్టికలో ఒక్క అంకె చెడినా పట్టి ఇచ్చే సరిచూపు సంఖ్య కూడా పక్కనే రాసి ఉంటుంది. గత పదేళ్ళలో విండోస్‌తో సహా అమ్మిన కంప్యూటర్లలో మీరు చూసేది ఎక్కువగా ఈ పద్ధతే.

భాగం గీయడం వేరు, దాన్ని ఫార్మాట్ చేయడం వేరు. ఈ రెండింటినీ ఒకటిగా అనుకునేవాళ్ళు ఎక్కువ. హద్దు రాళ్ళు పాతడం పార్టిషన్ అయితే, లోపల చాళ్ళు తీసి విత్తనానికి సిద్ధం చేయడం ఫార్మాట్. చాళ్ళు తీసే తీరును ఫైల్ సిస్టమ్ అంటారు. విండోస్ వాడేది ఎన్‌టి‌ఎఫ్‌ఎస్; లినక్స్ ఎక్కువగా వాడేది ఎక్స్‌ట్-4. రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లను ఒకే భాగంలో ఎందుకు పెట్టలేమో ఇప్పుడు తెలిసింది కదా?

గట్టు దేనిని ఆపుతుంది, దేనిని ఆపదు?

కంభం చెరువు కింద మళ్ళను చూసినవాళ్ళకు గట్టు ఉపయోగం చెప్పనక్కరలేదు. ఒక మడిలో నీళ్ళు ఎక్కువైనా పక్క మడి పైరు మునగదు. డిస్కులోనూ అంతే. డౌన్‌లోడ్‌లతో ఒక భాగం నిండిపోయినా ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న భాగంలో దానికి కావలసిన చోటు మిగిలే ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ చెడిపోయి మళ్ళీ వేయవలసివస్తే ఆ ఒక్క భాగాన్నే ఫార్మాట్ చేసి వేసుకోవచ్చు. పక్క భాగంలోని ఫొటోలను ముట్టుకోనక్కరలేదు. పార్టిషన్ వల్ల కలిగే లాభాల్లో ఇదే పెద్దది.

కాని చాలామంది ఇంకొక అడుగు ముందుకు వేసి, "నా ఫొటోలు డి భాగంలో ఉన్నాయి, ఇక భయం లేదు" అంటారు. అది ఒట్టి భ్రమ. పలక మధ్య గీత గీశారు సరే, పలక చేజారి రాతి మీద పడితే రెండు పక్కలా పగులుతుంది కదా! డిస్కు యంత్రం చెడిపోయినా, కంప్యూటరు దొంగలపాలైనా సి, డి అన్న తేడా ఉండదు. ఫొటోల రెండో ప్రతి ఎప్పుడూ వేరొక వస్తువులో, వీలైతే వేరొక ఇంట్లో ఉండాలి.

అన్నట్టు, విండోస్‌లో భాగాలు సి నుండి ఎందుకు మొదలవుతాయో తెలుసా? ఎ, బి అక్షరాలు ఒకప్పుడు ఫ్లాపీ డిస్కులకు ఇచ్చారు. ఫ్లాపీలు పోయాయి, అక్షరాలు ఖాళీగా మిగిలాయి.

ముందే ఎందుకు గీయాలి?

గీత గీయడం సెకను పని అన్నాం. మరి తరువాత ఎప్పుడో తీరికగా మార్చుకుంటే పోలేదా? ఇక్కడే అసలు మెలిక ఉంది. గీతను గీయడం తేలికే. కాని గీతకు రెండు పక్కలా పంట నిండిన తరువాత జరపడం తేలిక కాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. వరుసలో ముందు సి, దాని వెనుక డి ఉన్నాయి. సి నిండిపోయింది. డిలో 100 గిగాబైట్లు ఖాళీ ఉంది. ఆ ఖాళీని సికి ఇవ్వాలి. డిని కుదించడానికి దాని చివరి హద్దును వెనక్కి జరిపామనుకోండి. 100 గిగాబైట్లు విడుదలయ్యాయి. కాని ఎక్కడ? డికి ఆవలి పక్క! సికీ ఆ ఖాళీకీ మధ్య డి అడ్డంగా కూర్చుని ఉంది. ఒక పార్టిషన్ అంటే మొదటి సెక్టారు నుండి చివరి సెక్టారు వరకు తెగకుండా సాగే వరుస అని చెప్పుకున్నాం కదా? కొంత ఇక్కడ, కొంత అక్కడ ఉండడానికి వీలులేదు. అంటే డి మొత్తాన్ని, అందులోని సమాచారంతో సహా, 100 గిగాబైట్ల మేర కుడి పక్కకు మోయాలి.

ఎంతసేపు పడుతుంది? డిలో 200 గిగాబైట్ల సమాచారం ఉందనుకుందాం. అదే డిస్కు మీద చదవాలి, అదే డిస్కు మీద రాయాలి కాబట్టి సెకనుకు 50 మెగాబైట్లు కదిలాయనుకున్నా 4000 సెకన్లు, గంటకు పైనే. ఆ గంటలో కొంత సమాచారం పాత చోటులోను, కొంత కొత్త చోటులోను ఉంటుంది. వేసవి మధ్యాహ్నం, యు.పి.ఎస్. లేని కంప్యూటరు. కరెంటు పోయిందంటే? ఇల్లు మారేటప్పుడు సగం సామాను దారిలో ఉండగా రెండిళ్ళకూ తాళాలు పడ్డట్టు అవుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ వేయకముందు ఇదే గీతను ఎటు గీసినా మోయవలసిన బరువు లేదు. అందుకే ఈ పని ముందు చేయమంటారు.

తిరిగే డిస్కులకు మరొక చిన్న సంగతి. మామూలుగా సెక్టార్ల లెక్క బిళ్ళ బయటి అంచు నుండి మొదలవుతుంది. బయటి వలయం చుట్టుకొలత ఎక్కువ కాబట్టి అందులో సెక్టార్లు ఎక్కువ. ఒక్క చుట్టులో తల కిందుగా ఎక్కువ గడులు వెళతాయి. కాబట్టి వరుసలో ముందున్న భాగం కాస్త చురుకుగా పనిచేస్తుంది. వృత్తపరిధి సూత్రం ఇలాంటి చోట కూడా పనికివస్తుందన్నమాట.

గిద్దలూరు ఇంటికి మళ్ళీ వెళదాం

కాగితం, పెన్సిలు తీసుకోండి. పొడవాటి గీత గీసి, దాని పైన 465 అని వేయండి. ఇప్పుడు అదంతా దాదాపు విండోస్‌దే. మొదట్లో కంప్యూటరు లేవడానికి కావలసిన చిన్న భాగం ఒకటి ఉంటుంది. దాని జోలికి పోవద్దు, రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లూ దాన్ని పంచుకుంటాయి. సిలో వాడినది 140 ఉందనుకుందాం. విండోస్‌కు 220 ఉంచుదాం. మిగిలిన దానిలో లినక్స్‌కు 40, జ్ఞాపకశక్తి చాలనప్పుడు వాడుకునే స్వాప్ అనే భాగానికి 8. మిగతా 196 చిల్లర మీ సొంత ఫైళ్ళకు. లినక్స్‌లో దీన్ని హోమ్ అంటారు. రేపు లినక్స్‌ను మార్చి మరొక రకం వేసుకున్నా ఈ హోమ్ భాగాన్ని చెరపకుండా ఉంచుకోవచ్చు. ఇవే అంకెలు అందరికీ అని కాదు. మీ డిస్కును బట్టి మీరే వేసుకోవాలి. ఇరవై భాగాలు చేసేవాళ్ళు కూడా ఉన్నారు. అన్నదమ్ముల పంపకాల్లో సెంటు సెంటుగా చీలిపోయిన చేను లాగా చివరికి ఎందులోనూ దేనికీ చోటు చాలదు. మూడు నాలుగు ధారాళంగా చాలు.

ఇక చేయవలసినవి. ముందు ఫొటోలు, లెక్కలు వేరొక డిస్కులోకి నకలు తీయండి, తీశాక ఆ నకలును తెరిచి చూడండి. తెరవని నకలు నకలు కాదు. విండోస్ డిస్కును గుప్తీకరించి ఉంటే దాని 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. అది లేకపోతే తరువాత మీ ఇంటి తలుపు మీకే తెరుచుకోకపోవచ్చు. విండోస్ భాగాన్ని కుదించేటప్పుడు విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే కుదించండి. తన ఫైళ్ళు ఎక్కడున్నాయో దానికే బాగా తెలుసు. అది ఒక్కొక్కసారి "ఇంతకన్నా కుదరదు" అంటుంది. కదలని ఫైలు ఏదో మధ్యలో కూర్చుందని అర్థం. ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటును తీసివేయండి. అది ఉంటే విండోస్ పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో లినక్స్ వెళ్ళి దాని భాగంలో ఏదైనా రాస్తే చిక్కులు వస్తాయి. కుదించగా వచ్చిన ఖాళీని ఫార్మాట్ చేయకుండా అలాగే వదిలివేయండి. అప్పుడు పెన్‌డ్రైవ్‌తో లేపి, మూడో జవాబు, అంటే "భాగాలు నేనే చెబుతాను" అన్నది ఎంచుకుని, కాగితం మీది అంకెలు ఎక్కించండి.

ఆ తెర మీద ఒకటికి మించిన డిస్కులు కనబడవచ్చు. మీ పెన్‌డ్రైవ్ కూడా డిస్కే, నకలు తీసిన బయటి డిస్కు తగిలించి ఉంటే అదీ డిస్కే. నా సంగతి చెబుతాను. ఒకసారి బయటి డిస్కు తీయడం మరిచిపోయాను. లోపలిదీ 500, బయటిదీ 500. తప్పుదాన్ని ఎంచుకుని, నకలు ఉన్న డిస్కు పట్టికనే చెరిపాను! కొత్తగా ఏమీ రాయకముందే తెలివి వచ్చింది కాబట్టి బతికిపోయాను. పట్టికను తిరిగి రాయించడానికి ఆ రాత్రి అంతా పట్టింది. అప్పటి నుండి నకలు తీయగానే ఆ డిస్కును ఊడదీసి, ఆ గదిలో కూడా ఉంచను.

ముందు భయం తీరడానికి పాత పెన్‌డ్రైవ్ ఒకటి, లోపల ఏమీ లేనిది, తీసుకుని సాధన చేయండి. జీపార్టెడ్ అనే ఉచిత సాధనంతో దాన్ని రెండు భాగాలు చేయండి. రెండింటిలోనూ ఒక్కొక్క ఫొటో వేయండి. మొదటి భాగం ఏ సెక్టారు దగ్గర మొదలైందో చూడండి. చాలావరకు 2048 అని ఉంటుంది. దాన్ని 512తో గుణిస్తే ఏమి వస్తుందో, ఆ సంఖ్యనే ఎందుకు ఎంచుకున్నారో ఆలోచించండి. ఇప్పుడు రెండు భాగాల మొదలు, చివర సంఖ్యలు కాగితం మీద రాసుకుని, భాగాలు రెండూ చెరిపివేయండి. పెన్‌డ్రైవ్ ఖాళీగా కనబడుతుంది. తరువాత లినక్స్‌లో ఎస్‌ఎఫ్‌డిస్క్ అనే సాధనంతో అవే సంఖ్యలు ఇచ్చి, ఫార్మాట్ చేయకుండా, హద్దులు మాత్రం మళ్ళీ రాయండి. ఫొటోలు రెండూ తిరిగి వస్తాయి.

ఇంటి కంప్యూటరు పని ముగిశాక దాని సంఖ్యలు కూడా ఇలాగే ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, ఇంటి దస్తావేజులు ఉండే బీరువాలోనే పెట్టండి.